సీతంగెడ్డ గొంతు

రైలు బొర్రా దగ్గరి సొరంగంలో దూరగానే పెట్టెలో దీపాలు ఆరిపోయాయి. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి కిటికీ పక్క సీట్లో లక్ష్మీప్రసాద్ లేడు. సీటు మీద అతని స్టీలు ఫ్లాస్కు ఒక్కటే ఉంది. మూత తీసి ఉంది, టీ ఇంకా పొగలు కక్కుతోంది.

ఎదురు సీట్లో కూర్చున్నది ఏజెంట్ నాగలక్ష్మి. ఆ మనిషికి కాపలాగా వచ్చింది ఆమే. చీకట్లో సంపెంగ వాసన గుప్పుమంది. వెంటనే ఎవరిదో చెయ్యి ఆమె భుజమ్మీద పడింది. శత్రువనుకుని విదిలించి కొట్టింది. చెయ్యి వదిలేసింది. తలుపు దగ్గర గాలి హోరుమంది, అంతే. అది ప్రసాద్ చెయ్యని, సాయం కోసం చాచాడని, వెలుతురొచ్చాక గానీ ఆమెకి తెలియలేదు.

పోలీసులు కాలు జారాడన్నారు. రైల్వేవాళ్ళు అదే రాసుకున్నారు. కాలు జారినవాడు కూర్చున్నవాళ్ళ భుజం పట్టుకుంటాడా, మీరే చెప్పండి.

మనిషి పోతే ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, మరిచేవాళ్ళు మరుస్తారు. నాగలక్ష్మికి రెండూ చేతకాలేదు. ఆ ఫ్లాస్కు సంచిలో వేసుకుని తిరిగింది. పడుకుంటే భుజమ్మీద అయిదు వేళ్ళూ అక్కడే ఉన్నట్టుండేది.

కబురు విశాఖ నుంచి వచ్చింది. మార్కెట్టు వెనక ఎండు చేపల కొట్టు.

"నెత్తళ్ళున్నాయా?"

"ఎండ లేదు కదమ్మా, ఎక్కడెండుతాయి."

"పచ్చివైనా ఫరవాలేదు. పిల్లికి."

కొట్టువాడు గోనె తెర పక్కకి తీశాడు. మెట్ల పైన వరహాలరావు కూర్చుని ఉన్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఇన్నేళ్ళు ఆ కంపులో కూర్చుని కూడా తెల్లచొక్కా నలగనివ్వడు, మనిషి తీరు అది.

"అరకు లోయలో కంప్యూటింగ్ కమ్యూనిటీ అని ఒకటుంది. తెలుసా?"

"తెలుసు సార్. డ్యామూ, ఆసుపత్రీ, కరెంటూ, కాఫీ సొసైటీ, అన్నీ కలిసి ఏ వెండర్ దగ్గర మెషీన్లు కొనాలో తీర్మానించుకుంటాయి."

"ఒకప్పుడు చాలామంది వెండర్లుండేవారు. ఇప్పుడు ఇద్దరే. వెల్టోరా, ఆస్మిరా. మీటింగుల్లో స్టేజీ వాళ్ళది, భోజనాలు వాళ్ళవి. చిన్నవాడు చెయ్యెత్తితే 'అన్‌సపోర్టెడ్ వెండర్' అని కూర్చోబెట్టేస్తారు. ప్రసాద్ కూడా అలాంటి చిన్న వెండరే, అలాగే కూర్చోబెట్టారు."

"ఇద్దరున్నారు కదా సార్. ఒకడు చెడితే ఇంకొకడు."

"ప్రసాద్ కనిపెట్టింది అదే. బోర్డులు రెండు, వేరు ఒకటి. రెండు కంపెనీల సర్వర్లూ సముద్రం అవతల ఒకే ముఠా చేతిలో ఉన్నాయి. కోడ్‌నేమ్ గ్రే హెరాన్. ముందు ఈ లోయని ముంచి చూపిస్తారు. అవే మెషీన్లు పెట్టుకున్న ఊళ్ళన్నీ తర్వాత వాళ్ళడిగింది ఇస్తాయి. ఎప్పుడు ముంచుతారో చెప్పడానికే ప్రసాద్ రైలెక్కాడు."

నాగలక్ష్మి తల దించుకుంది.

కొండల మీద పోడు చేసేవాళ్ళు సామా, సోడీ, కందీ కలిపి చల్లుతారు. ఒకదానికి పురుగు పడితే ఇంకొకటి కడుపు నింపుతుంది. ఒకే గింజ చల్లిన చేను చూడ్డానికి బారుగా, ముచ్చటగానే ఉంటుంది. పురుగుక్కూడా ముచ్చటే. కోటు తొడుక్కున్నవాళ్ళు చేలో దిగరు కదా, వాళ్ళకేం తెలుస్తుంది.

"లోపల మనకెవరున్నారు?"

"అనురాధ. కమ్యూనిటీ సెక్రటరీ, మన ఏజెంటే. నువ్వు పాత మెషీన్లు పీకే టెక్నీషియన్‌గా వెళ్ళు. ఆ ఫ్లాస్కు అడుగున ఏదో మీట ఉంది, మన ల్యాబ్‌కి అంతుబట్టలేదు. దగ్గరే ఉంచుకో."

అరకు చేరేసరికి వాన. ఆ వానలో, ఆ పొగమంచులో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, నీలం పట్టుచీరలో రిసార్టు వరండా మీద నిలబడింది అనురాధ. అందగత్తే, కాదనకూడదు. నవ్వితే ఎదుటివాళ్ళు చెప్పాల్సింది మరిచిపోతారు.

"పని చిన్నదే. డ్యామ్ కింద పారే గెడ్డ పొడుగునా ప్రసాద్ పెట్టిన మైకు డబ్బాలుండేవి, వరద వస్తే చెప్పడానికి. అన్నీ తీయించేశాం. సీతంగెడ్డ ఊళ్ళో ఒక్కటే మిగిలింది. ఇవాళ అది తీసెయ్యండి. రేపు మా యాన్యువల్ మీటింగు, సిస్టం అంతా ఒకేలా కనబడాలి."

చెప్తూ దగ్గరకొచ్చింది. సంపెంగ వాసన.

సంపెంగలు లోకంలో ఒక్కరే పెట్టుకుంటారా, పెట్టుకోరు. అయినా నాగలక్ష్మికి ఆ వాసన సొరంగంలోంచే వచ్చినట్టనిపించింది. "అలాగే మేడమ్" అని జీపెక్కింది.

సీతంగెడ్డలో సందె వాలుతోంది. గెడ్డ ఒడ్డున ఇనప స్తంభం, దాని మీద మైకు, చిన్న సోలార్ పలక. స్తంభం మొదట్లో ఒక రాయి నిలబెట్టి ఉంది. చచ్చినవాళ్ళకి ఆ ఊళ్ళో నిలబెట్టే రాయి లాంటిది. దాని ముందు ఆకులో అన్నం.

ఆకు సర్దుతున్న అప్పలనర్సమ్మ తలెత్తి చూసింది. "తియ్యడానికొచ్చినావేటి గుంటా?"

"డ్యూటీ అమ్మా."

"మొన్నా ఇద్దరొచ్చినారు" అన్నాడు ఆమె మొగుడు సోంబరు, చుట్ట వెలిగిస్తూ. "పీకండి గానీ, పీకినోడి ఇంట్లో ఈ గొంతు పలుకుతాదని సెప్పినాను. బేగి ఎలిపోనారు."

"ఏ గొంతు?"

"ఉండు. యేలయ్యింది."

మైకు గరగరమంది. తర్వాత ఒక మగగొంతు, నిదానంగా, కొండ మీదంతా వినబడేలా.

"నాను బాగున్నాను. మీరందరూ బాగున్నారా?"

నాగలక్ష్మి చేతిలో పటకారు జారిపడింది. అది ప్రసాద్ గొంతు. మైకు పనిచేస్తోందో లేదో రోజూ సందేళ తెలియడానికి అతను ముందే రికార్డు చేసి పెట్టుకున్న టెస్టు మాట. తెలివికి తెలుస్తూనే ఉంది, ఒళ్ళు వినడం లేదు.

"బాగున్నాం పెసాదు బాబూ" అంది అప్పలనర్సమ్మ, పక్కింటివాడికి బదులిచ్చినట్టు. "సచ్చిపోనాడని కబురొచ్చిన సాయంత్రం కూడా ఇలాగే అడిగినాడు. సచ్చీ మమ్మల్ని పలకరిస్తన్నోడికి ఉన్న ఒక్క గూడూ పీకీమంటావేటి? నువ్వే సెప్పు."

అప్పుడే సంచిలో ఫ్లాస్కు తుమ్మెదలా గుయ్యిమంది. నాగలక్ష్మి అడుగు తిప్పి తీసింది. ఎర్ర మీట పక్కన చిన్న దీపం వెలుగుతోంది. అర్థమైంది. ఈ ఫ్లాస్కు ఆ మైకుతో సూటిగా మాట్లాడే రేడియో. మధ్యలో ఏ వెండర్ సర్వరూ లేదు, ఏ నెట్‌వర్కూ లేదు. ల్యాబ్‌లో పలకలేదంటే పలికే జోడు అక్కడ లేదు మరి.

పటకారు సంచిలో పెట్టేసింది. అనురాధకి ఫోన్ చేసింది.

"తీసేశాను మేడమ్."

"గుడ్" అంది అవతలి గొంతు. ఎక్కడో తేలిగ్గా ఊపిరి వదిలినట్టుంది.

మర్నాడు సీతంగెడ్డ సంత. వానలోనూ పైన డ్యామ్ ఆపుతుంది గనక, గెడ్డలో నీరు సన్నగా ఉన్న చోట ఇసక మీదే దుకాణాలు పెడతారు, ఎప్పటి నుంచో అంతే. అదే పొద్దు రిసార్టు హాల్లో మీటింగు. తెర మీద డ్యామ్ నీటిమట్టం పచ్చగా మెరుస్తోంది. 'నార్మల్'. హాలు కప్పు మీద వాన మాత్రం డప్పు కొట్టినట్టు కొడుతోంది. తెర మీది పచ్చదనం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. కప్పు మీది చప్పుడు ఎవరికీ వినబడలేదు.

నాగలక్ష్మి హాలు వెనక వంటింట్లోకొచ్చి డ్యామ్ గేట్ల ఆపరేటర్ తాతారావుకి ఫోన్ చేసింది. డిపార్ట్‌మెంటుకి నమ్మకస్తుడు.

"అమ్మా, గేట్లు వాటంతటవే లేస్తన్నాయి. స్క్రీన్ మీద మూసున్నట్టు సూపిస్తంది. మీట నొక్కితే ఇనట్లేదు. కేబుల్ కోసీసి సేత్తో దించుతాను గానీ, ముందు దిగిపోయిన నీరు..."

లైను తెగిపోయింది.

"ఫోను ఇక పలకదు" అంది వెనక నుంచి అనురాధ. చేతిలో చిన్న పిస్టల్. "లోయంతా ఒకే నెట్‌వర్కు. ఇంకొకటి ఉండనివ్వలేదు కదా మనం."

"రైల్లో నువ్వున్నావు."

"నీ వెనక సీట్లో. నిన్ను పట్టుకున్నాడు పాపం. నువ్వే విదిలించావు."

ఆ మాట పిస్టల్ కంటే లోతుగా దిగింది. కానీ నాగలక్ష్మి చెయ్యి ఆగలేదు. పక్కనే పొగలు కక్కుతున్న కాఫీ డికాషన్ గిన్నె అనురాధ మీదికి తన్ని, వంటింటి తలుపులోంచి జీపులోకి దూకింది.

ఘాట్‌రోడ్డు మలుపులో కొండచరియ విరిగిపడి ఉంది. జీపు దాటదు. గెడ్డ వైపు పోవడానికి ఇంకొక్కటే దారి. వానకి బళ్ళు ఆపేసిన రైలుపట్టా. ఆ సొరంగం.

సొరంగం నోటి దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. అవతల సంతలో అప్పలనర్సమ్మ ఉంది. లోపలికి నడిచింది.

చీకటి. పైనుంచి నీటిబొట్లు. వెనక దూరంగా టార్చి వెలుగు, అనురాధ వచ్చేస్తోంది. పరుగెత్తుదామనుకునేలోపు, భుజమ్మీద చెయ్యి పడింది. అవే అయిదు వేళ్ళు, అదే చోట.

ఈసారి విదిలించలేదు.

ఆ చెయ్యి ఆమెని మెల్లగా పక్కకి నెట్టింది. గోడలో గూడు తగిలింది, బండి వస్తే గ్యాంగ్‌మెన్ ఒదిగి నిలబడే గూడు. అందులో ఒదిగింది. టార్చి దగ్గరకొచ్చింది, సంపెంగ వాసన ముక్కు ముందు నుంచే పోయింది. నాగలక్ష్మి అనురాధని వెనక నుంచి మెడ పట్టి పడగొట్టి, పిస్టల్ లాక్కుని, ఆమె పట్టు పైటతోనే చేతులు కట్టి గూట్లో కూలేసింది.

"నీతో ఇంకెవరున్నారు?" అంది అనురాధ. "టార్చిలో ఇద్దరు కనిపించారు."

నాగలక్ష్మి సొరంగం అవతలికి పరుగెత్తింది.

కింద పొగమంచులో సంత. పసుపు, ఎండుచేపలు, కోళ్ళు, పిల్లల ఈలలు. ఎగువన కొండ వంపులో ఏదో పెద్ద జంతువు లాంటి మూలుగు. అరిస్తే వినబడదు. ఫ్లాస్కు తిప్పి మీట నొక్కింది. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది. లేదు. రెండు చేతులతో ఒడిసి పట్టుకుని, "ప్రసాద్ గారూ" అంది.

దీపం వెలిగింది. కింద స్తంభం మీది మైకులో ప్రసాద్ గొంతు పలికింది.

"నీరొస్తంది. సామాన్లొగ్గీండి. పిల్లల్నెత్తుకోండి. గట్టెక్కండి."

సైరన్ మోగితే ఎవరూ కదిలేవారు కాదు, ఏ డ్రిల్లో అనుకునేవారు. కానీ సందేళ తప్ప పలకని గొంతు పట్టపగలు పలికింది. చచ్చినవాడు వేళ తప్పి పిలిచాడంటే ఊరికే పిలవడు. సంతంతా ఒక్కసారి లేచింది. తక్కెళ్ళు, బుట్టలు, కోళ్ళగంపలు ఎక్కడివక్కడే వదిలేసి గట్టు మీదికి పాకింది.

అప్పలనర్సమ్మ మాత్రం స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. "మరి ఈ బాబో?"

"ఆడు మనల్ని పొమ్మంటన్నాడే. మాట ఇనుకో" అని సోంబరు రెక్క పట్టి ఈడ్చాడు.

వాళ్ళ కాలు గట్టు మీద పడడం, గెడ్డ విరుచుకుపడడం ఒక్కసారే అయ్యాయి. ఇసక, పందిళ్ళు, దుకాణాలు అన్నీ పోయాయి. మనిషి ఒక్కడు పోలేదు. స్తంభం చివరి దాకా పలుకుతూనే ఉంది. "గట్టెక్కండి... గట్టె..." తర్వాత నీళ్ళే.

సాయంత్రానికి తాతారావు గేట్లు చేత్తో దించేశాడు. అనురాధ నోరు విప్పింది. ముంచలేని ముఠా బెదిరింపుకి ఎవరు భయపడతారు? ఆమె చెప్పిన ఆచూకీతో గ్రే హెరాన్ సర్వర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కమ్యూనిటీవాళ్ళు ఇకపై చిన్నా పెద్దా వెండర్లందరినీ కూర్చోబెట్టి మాట్లాడతామని తీర్మానం చేశారు. చేస్తారు, కాలు తడిసింది కదా.

నీరు తీశాక ఊరివాళ్ళు బురదలోంచి మైకు తవ్వి తీశారు. పసుపునీళ్ళతో కడిగి, గట్టు మీద కొత్త రాయి పక్కన పెట్టారు. తీగలు లేవు, సోలార్ పలక లేదు. అన్నం ఆకు మాత్రం ఉంది.

ఆ సందేళ విశాఖలో వరహాలరావు బల్ల మీద ఫ్లాస్కు గుయ్యిమంది.

ఇద్దరూ దానికేసి చూశారు.

"బాగున్నాం" అంది నాగలక్ష్మి, భుజమ్మీద చెయ్యి వేసుకుని.

వరహాలరావు మిషన్ రిపోర్టు దగ్గరికి లాక్కున్నాడు. 'వెండర్ ప్రస్తుత స్థితి' అన్న గడిలో రాసి ఉన్న 'మరణించాడు' కొట్టేసి, చక్కటి దస్తూరీతో రాశాడు: 'బాగున్నాడు. సపోర్టు కొనసాగుతోంది.'