మూగచోటు

ఉదయం తొమ్మిదికే విజయనగరం జన్యు పఠనశాల ముందు వరస రోడ్డెక్కింది. ఉద్యోగానికైనా పెళ్లి నమోదుకైనా జన్యుచీటీ చూపించాల్సిన కాలమది. పాత చీటీల్లో యంత్రాలు చదవలేక వదిలేసిన ఖాళీలుండేవి. జనం వాటిని మూగచోట్లు అనేవారు. ఏడాదిలోగా అందరూ వాటిని నింపించుకోవాలని ఉత్తర్వు వచ్చింది.

వచ్చే నెలలో పెళ్లి కావలసిన కూతురు రూపవతితో సన్యాసమ్మ లోపలికి వెళ్లింది. చీటీలు కూర్చే ఉద్యోగిని హేమలత వాళ్లను కూర్చోమంది.

"పాత యంత్రాలు జన్యుపోగును చిన్న ముక్కలు చేసి చదివేవమ్మా. ఆ ముక్కల అంచులు కలిపి అతికేవాళ్లం. ఒకే మాట వందలసార్లు వచ్చినచోట ఏ ముక్క ఎక్కడిదో తేలేది కాదు. ఇప్పుడీ దీర్ఘపఠని పోగు తెగకుండా ఆ కొస నుంచి ఈ కొస దాకా చదువుతుంది. ఏ పోగు ఎవరి నుంచి వచ్చిందో తేలాలంటే తండ్రి నమూనా కూడా కలపాలి. ఆసుపత్రి నిల్వలో ఉంది, తెప్పించాం."

సన్యాసమ్మ మొహం గంటుపెట్టుకుంది. "ఆయన ఊసెందుకమ్మా? తాగి తాగి పోయాడు."

సన్యాసమ్మ భర్త అప్పలస్వామి సౌరపలకలు బిగించే పనివాడు. నలభై దాటగానే నడక తూలింది, మాట ముద్దయింది, చీటికీమాటికీ కోపం. పని పోయింది. పిల్ల మీద ఒట్టేసి చుక్క ముట్టలేదన్నాడు. వీధంతా నవ్వింది. రూపవతికి పద్నాలుగేళ్లప్పుడు, ఒక మధ్యాహ్నం వేళ, సన్యాసమ్మ అతని బట్టలు బయట పడేసి తలుపు వేసుకుంది. నాలుగు నెలలకి బస్‌స్టాండులో శవమై దొరికాడు.

గంట తర్వాత హేమలత చీటీ తెచ్చింది. ముందుగా రూపవతి చెయ్యి పట్టుకుంది.

"నీకేం భయం లేదు. నీకు మీ నాన్న దగ్గర్నుంచి మంచి పోగే వచ్చింది."

"అంటే నాన్నకి చెడ్డది కూడా ఉందా?"

"ముప్పైసార్లు రావలసిన మాట ఆయన రెండో పోగులో తొమ్మిది వందలసార్లుంది. అది తూలుడు జబ్బు. నలభైల్లో మొదలవుతుంది. చూసేవాళ్లకి తాగినట్టే ఉంటుంది."

బల్ల మీది రూపవతి చీటీలో 'నిరపాయం' అన్న ముద్ర పచ్చగా మెరుస్తోంది. పక్క గదిలో ఎవరో మిఠాయి పంచుతున్నారు. సన్యాసమ్మ చీటీని ముట్టుకోలేదు.

"ఆయన తాగలేదని రాసియ్యమ్మా. మా వీధిలో చూపిస్తాను."

"చనిపోయినవాళ్లకి చీటీ ఇవ్వరమ్మా. ఇచ్చినా జబ్బుందనే రాయగలను. తాగాడో లేదో పోగులో ఉండదు."

రూపవతి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, పక్కలో పడుకున్నదానివి నువ్వు. నాన్న నోట్లోంచి ఎప్పుడైనా సారా వాసన వచ్చిందా?"

సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగులోంచే, వినీ వినపడకుండా అంది.

"ఒక్కనాడూ రాలేదే."