దక్షిణం గోడ మీది ఫొటో

పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ తాగకముందే ఎల్లమ్మ చేసే మొదటి పని భర్త ఫొటో తుడవడం. కొంగుతో అద్దం తుడిచి, బొట్టు పెట్టి, నిన్నటి ముచ్చట్లన్నీ ఆయనకు చెప్పేస్తుంది. బతికున్నప్పుడు విన్నాడా అంటే, పాపం, విన్నాడు. సోమనర్సయ్య నోరు మెదపని మనిషి.

పేచీ అంతా ఆ ఫొటో ఉన్న చోటుతోనే. పోయినవాళ్ల ఫొటో దక్షిణం గోడకే ఉండాలి కదా. సూర్యాపేటలో ఈ కొత్తింటి హాల్లో దక్షిణాన సగం కిటికీ, మిగతా సగంలో కరెంటు డబ్బా. ఇంటికంతటికీ కరెంటు పంచే స్విచ్చులన్నీ అందులోనే ఉన్నాయి. ఎల్లమ్మ ఆగుతుందా? కోదాడలో పెద్ద టేకు ఫ్రేము కట్టించి, గోడకు మేకు దిగ్గొట్టించి, ఇనుప తీగతో ఆ డబ్బా మీదే ఫొటో వేలాడదీయించింది.

"అత్తమ్మా, ఎలక్ట్రీషియన్ సంతోషన్న మల్ల ఫోన్ జేసిండు," అంది కోడలు మనస్విని. "డబ్బ ముంగట ఏం ఉండొద్దంట. ఏమన్నయితే చెయ్యి అందాలె గదా."

"గయితే డబ్బనే తీసి వంటింట్ల పెట్టుమను."

"సింకు కాడ పెట్టొద్దు, బాత్రూంల పెట్టొద్దు. తడి తగలొద్దని రూలు."

"రూలంట రూలు! మొగని ఫొటో పెట్టుకోనీకి గుడ రూలు అడగాల్నా? రెక్కలు ముక్కలు జేస్కొని గీ జాగ కొన్నడు. ఇంట్ల అడుగు వెట్టంగనే ఆయన కనవడాల్నా, ఇనుప డబ్బ కనవడాల్నా?"

కొడుకు మహిపాల్ అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. "అమ్మా, జర ఇను..." అన్నాడో లేదో, ఎల్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాయిన గింత బరువైండా నీకు? సెప్పు, నిడమనూరు మా తల్లిగారింటికి పోత."

మహిపాల్ టిఫిన్ డబ్బా పట్టుకొని మిర్యాలగూడ రైస్ మిల్లు డ్యూటీకి వెళ్లిపోయాడు. మనస్విని ముఖం ఎర్రబడింది.

"సరే, ఇగ నేను ముట్ట. కని ఒక్క మాట చెవుల ఏసుకోండ్రి. ఎవరికన్న షాక్ కొడితే మనిషిని ముట్టకుండ్రి. డబ్బల ఎడమదిక్కు పెద్ద స్విచ్చుంటది, కిందికి గుంజుండ్రి. ఇల్లంత బందయితది."

"పొద్దుగాల్నే గవేం మాటలే!" అని ఎల్లమ్మ మూతి ముడుచుకుంది. మాట మాత్రం చెవిన పడింది.

మధ్యాహ్నానికి ఎండ నిప్పులు చెరిగింది. పాత కిరాయి ఇంటి నుంచి తెచ్చుకున్న ఇనుప కూలరే దిక్కు. ముహూర్తం దాటిపోతుందని ఎర్తింగు పని కాకముందే ఇంట్లో దిగారు. పడగ్గదిలో తిరుగుతున్న కూలరులోనే మనస్విని బకెట్‌తో నీళ్లు పోయబోయింది.

"అత్త..." అన్న గొంతు సగంలోనే తెగిపోయింది.

ఎల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. కోడలి చెయ్యి కూలరుకు అతుక్కుపోయి ఉంది, ఒళ్లంతా వణుకుతోంది. ప్లగ్గేమో కూలరు వెనకెక్కడో. "అయ్యో బిడ్డా!" అని పట్టుకోబోయి ఆగిపోయింది. మనిషిని ముట్టకుండ్రి.

హాల్లోకి ఉరికింది. గోడ మీద సోమనర్సయ్య ఎప్పటిలాగే నవ్వుతున్నాడు.

"జరుగయ్యా! నీ కాల్మొక్త, జరుగు!"

ఫ్రేము పట్టి లాగింది, తీగ తెగలేదు. గోడకు కాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజింది. మేకు పెచ్చుతో సహా ఊడి ఫొటో ఆమె కాళ్ల మీదే పడింది. అద్దం భళ్లుమంది. గాజు పెంకుల మీదే నిలబడి మూత తెరిచి పెద్ద స్విచ్చు కిందికి లాగింది.

కూలరు ఆగింది. మనస్విని నేల మీద కూలబడింది. ఎల్లమ్మ రక్తం కారే కాళ్లతోనే వెళ్లి ఆమె తలను ఒళ్లోకి తీసుకొని, చుట్టుపక్కల వాళ్లంతా పరుగెత్తుకొచ్చేలా కేకలు పెట్టింది.

దవాఖానాలో ఎల్లమ్మ కాళ్లకు, మనస్విని అరచేతికి కట్లు కట్టి, కోడలి గుండె పరీక్ష చేసి, ప్రాణానికి భయం లేదన్నారు. మహిపాల్ పరుగున వచ్చాడు. పొద్దు గూకేసరికి ముగ్గురూ ఇల్లు చేరారు. గాజు పెంకుల మధ్య బోర్లా పడి ఉన్న ఫొటోను చూడగానే మనస్విని బావురుమంది.

"నా కోసం మామయ్య ఫొటో పగలగొట్టిండ్రా అత్తమ్మా!"

ఎల్లమ్మ కుంటుకుంటూ వెళ్లి ఫొటో ఎత్తింది. అలవాటుగా కొంగుతో ముఖం తుడిచింది. ఈసారి అద్దం లేదు.

"బతికున్నన్నాళ్లు ఆయన ఎవ్వలకు అడ్డం రాలె బిడ్డా. సచ్చినంక నేనే తీస్కపోయి అడ్డం వెట్టిన," అని కోడలి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మహిపాల్ ఫొటో అందుకొని గోడలన్నీ చూశాడు. "ఇగ యాడ పెడదమమ్మా? దక్షిణం దిక్కు జాగ లేదు."

"ఏ దిక్కయితేందిరా," అంది ఎల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఆయనకు నా కోడలు కనవడేటట్టు పెట్టు."