పదిహేడో ప్రశ్న

“కాన్పుకి నువ్వు రావొద్దమ్మా! అత్తయ్య ఉంటారు. నువ్వొస్తే నన్ను చూడవు... పరిశీలిస్తావు!”

కూతురు ఫోన్ పెట్టేసింది. రిటైరై యూనివర్సిటీలో తన గది ఖాళీ చేస్తున్న ప్రొఫెసరమ్మ, సగం నిండిన అట్టపెట్టెల మధ్య కుర్చీలో కూలబడిపోయింది.

ప్రమాదాల్లో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాల మనసుల మీద ఆవిడది పేరుపొందిన పరిశోధన. భర్త ఎక్కిన బస్సు బోల్తాపడి ఆయన పోయిన ఏడాదే, గుండె రాయి చేసుకుని ఆ పని మొదలుపెట్టింది. ఆవిడ ముందు కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా కడుపులో ఉన్నదంతా కక్కేసి తేలికపడి వెళ్ళేవారు. కన్నకూతురు మాత్రం, పదమూడో ఏట మూగబోయిన పిల్ల, ఈ పదిహేనేళ్ళలో ఆవిడతో ముక్తసరి మాటలు తప్ప మాట్లాడలేదు! ఎందుకో ఆ తల్లికి అంతుపట్టలేదు...

కళ్ళు తుడుచుకుని బీరువా మీది పాత కట్ట దించింది. ప్రశ్నపత్రం తయారుచేసిన కొత్తలో, రాయడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని ముందుగా ఇంట్లోవాళ్ళ చేతే రాయించిన కాగితాలవి. సొంతవాళ్ళ జవాబులు పరిశోధనలో కలపకూడదు. అందుకని ఎవరికి ఎన్ని నిమిషాలు పట్టిందో మాత్రం ఎర్రసిరాతో వేసుకుని, కట్టకట్టి పైన పడేసింది.

మామగారు ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు రాశారు: ‘బాగానే ఉంది.’ ఆడపడుచు మార్జిన్లో చురక అంటించింది: ‘నా ఉద్యోగానికి కూడా ఇన్ని అడగలేదు వదినా!’ ఇద్దరికీ పదేసి నిమిషాలు పట్టింది. ఏడుపులోనూ ఆవిడకు నవ్వొచ్చింది. మూడో కాగితం తిప్పింది. ‘నలభై నిమిషాలు.’

పదిహేడో ప్రశ్న: ‘మీకు భయం వేస్తే ఇంట్లో ఎవరితో చెప్పుకుంటారు?’

గుండ్రటి అక్షరాలు... కూతురివి!

‘అమ్మతో. నోటితో చెప్పలేక ఇందులో రాస్తున్నా. ఆ రోజు నాన్నకి ఫోన్ చేసి తొందరగా రమ్మన్నది నేనే. అందుకే ఆ బస్సు ఎక్కాడు. అమ్మా, ఇది చదివాక తిట్టినా సరే, ఏదో ఒకటి అను.’

అయ్యో, పిచ్చితల్లీ! పెట్టెలు పెట్టెల్లాగే వదిలేసి, దొరికిన ఆటో ఎక్కేసింది.

తలుపు తీసిన అల్లుడు ఆవిడ వాలకం చూసి, “లోపలే ఉంది అత్తయ్యా!” అని పక్కకు తప్పుకున్నాడు. నెలలు నిండిన కూతురు మంచం మీద కూర్చుని పుట్టబోయే బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. తల్లి చేతిలో కాగితం చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

“ఇప్పుడెందుకమ్మా అది? అప్పుడే చదివావుగా! నేనివ్వగానే టైం కూడా వేసుకున్నావు! రోజూ పొద్దున్నే నీ మొహం చూసేదాన్ని... ఇవాళ అంటుంది, ఇవాళ అంటుంది అని. ఒక్కమాట అనలేదు! నాన్నని పొట్టన పెట్టుకున్నానని నువ్వూ అనుకున్నావనేగా...”

“చదవలేదే... ఇవాళే చదివాను!”

“చదవలేదా?” కూతురి చేతిలోని గుడ్డ జారిపోయింది. “నలభై నిమిషాలు ఏడుస్తూ రాశానమ్మా... చదవనే లేదా?”

నియమం అడ్డొచ్చిందని చెబుదామనుకుంది ప్రొఫెసరమ్మ. కానీ అది సాకేనని ఆవిడకే తెలుసు.

“కలపకూడదన్నారు గానీ, చదవొద్దని నాకెవరూ చెప్పలేదు. నేనే చదవలేదు. నాదే తప్పు! నీది కాదమ్మా... ఇంటికి రమ్మని నాన్నని పిలవడం ఏ పిల్లకీ తప్పు కాదు!”

ఈ మాటే ఆవిడ ఎందరికో నిదానంగా, స్థిరంగా చెప్పింది. ఇవాళ మాత్రం వెక్కిళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా వచ్చింది. మంచం మీద కూలబడిన తల్లి మొహంలోకి కూతురు చూసింది. తర్వాత ఆ ఒళ్ళో తల పెట్టుకుని, పదమూడేళ్ళ పిల్లలా బావురుమంది!

ఎంతసేపటికో తల ఎత్తకుండానే అంది: “కాన్పు వచ్చే సోమవారం అన్నారు డాక్టరు.”

తల్లి ఆమె తల నిమిరింది.

“రా అమ్మా. కాగితాలు మాత్రం తేకు.”