చిన్నమూర్తి గొంతు

“బుజ్జీ, వెళ్ళొస్తా.”

వీధి గడప అవతల నిలబడి అన్నాడు నరసింహమూర్తి. చంకలో గొడుగు, చేతిలో ఫలహారం మూట. లోపల్నుంచి బదులు రాలేదు.

వంటింట్లో నాగేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయనకి అదొక అలవాటు. బయటికి వెళ్ళినా, తిరిగొచ్చినా గడప దగ్గర ఆగి పేరు పెట్టి పిలుస్తాడు. బదులు వినబడేదాకా అడుగు కదపడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమె పెరట్లో ఉండి వినిపించుకోలేదు. వానలో తడుస్తూ వీధిలోనే నిలబడిపోయాడు. ఇదేం పిచ్చి అనుకుంది అప్పట్లో. తర్వాత అలవాటైపోయింది.

“బుజ్జీ.”

ఎనిమిదేళ్ళ బుజ్జిబాబు స్తంభం పక్కనే ఉన్నాడు. పెదాలు బిగించి తల ఊపాడు. తండ్రి కదల్లేదు.

“వాడికి గొంతు నొప్పిగా ఉందండి. మాట్లాడొద్దని నేనే చెప్పాను. మీరెళ్ళి రండి,” అంది నాగేశ్వరి గుమ్మంలోకి వచ్చి.

పదేళ్ళ కాపురంలో ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన కొడుకు మెడ మీద చెయ్యి వేసి చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. గొడుగు విప్పి లాకుల వైపు నడిచాడు.

ధవళేశ్వరం లాకుల దగ్గర నరసింహమూర్తి గుమాస్తా. గోదావరిలోంచి కాకినాడ కాలువలోకి దిగే ప్రతి పడవ పేరూ ఆయన పుస్తకంలోకి ఎక్కాలి. ఆయన చెయ్యెత్తితేనే లాకు తలుపులు తెరుచుకుంటాయి. రోజుకి వంద మాటలు కూడా మాట్లాడడు. మాట్లాడితే ఇసకలో చక్రం తిరిగినట్టు గరగరలాడే గొంతు.

ఆ గొంతు కోసం ఒకప్పుడు జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళంటే కొత్తవాళ్ళు నమ్మరు.

అప్పటికి మన వైపు నాటకాల కంపెనీలు కొత్త. తాటాకు పాకల్లో, కిరసనాయిలు దీపాల ముందు ఆట. వాటిలో ఒక కంపెనీకి హార్మోనియం వాయించేవాడు భాస్కరం గారు. ఆయన కొడుకే చిన్నమూర్తి. ఎనిమిదో ఏట బాల రాకుమారుడి వేషం కట్టాడు. ఆఖరి రంగంలో తల్లి ఒడిలో పద్యం పాడి ప్రాణం విడిచే వేషం. జనం ఊరుకునేవారు కాదు. వన్స్ మోర్ అని కేకలు. చచ్చిపోయిన పిల్లవాడు లేచి కూర్చుని, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. రాజమండ్రిలో ఒక రాత్రి అలా ఏడుసార్లు లేచాడట.

ఆ ఏడుసార్లూ నాగేశ్వరి చూసింది. అప్పుడామెకి ఐదేళ్ళు, తండ్రి భుజం మీద కూర్చుంది. ప్రతిసారీ ఏడ్చింది, ప్రతిసారీ వాడు లేచినందుకు నవ్వింది. పన్నెండేళ్ళ తర్వాత ఆ పిల్లవాడే పెళ్ళికొడుకని తెలిసి రెండు రోజులు నిద్రపోలేదు.

కానీ కాపురానికి వచ్చాక ఒక్క పాటా వినలేదు. ఉయ్యాలలో పిల్లవాడు ఏడ్చినా ఆయన కూనిరాగమైనా తీయలేదు. ఎదిగే వయసులో గొంతు పోయిందని జనం చెప్పారు. ఆమే అలాగే అనుకుంది.

ఇంట్లో రెండో వింత మావగారి సంగతి. తండ్రీకొడుకులు ఒకే వరసలో కూర్చుని తింటారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఆమె కాపురానికి రావడానికి ఏడేళ్ళ ముందు నుంచీ ఇంతేనట. ‘మీ మావయ్యగారికి మజ్జిగ కావాలేమో చూడు’ అంటాడు ఆయన. ‘మబ్బేసింది, మూర్తికి గొడుగివ్వమ్మాయీ’ అంటాడు ఈయన. ఇద్దరి మాటలూ నాగేశ్వరి మీదుగా అటూ ఇటూ వెళతాయి. ఎందుకని అడిగితే ఇద్దరూ పక్కకి చూస్తారు.

భర్త వీధి మలుపు తిరగ్గానే పెరటి అరుగు మీద భాస్కరం గారు హార్మోనియం గుడ్డ తీశాడు. మనవడికి మిరియాల పాలు తెప్పించాడు. ఆరు నెలలుగా ఇదే వరస. బుజ్జిబాబుకి తండ్రి గొంతే వచ్చింది. మొదటిసారి పెరట్లోంచి ఆ పద్యం వినబడ్డప్పుడు నాగేశ్వరి చేతిలో చేట జారిపోయింది. ఇరవై ఏళ్ళుగా చెవుల్లో దాచుకున్న గొంతు అది. మావగారు గుట్టుగా నేర్పుతానంటే కాదనలేకపోయింది. భర్తకి చెప్పలేకపోయింది.

ఇవాళ కంపెనీ యజమాని లోవరాజు పడవ రాజమండ్రి నుంచి కాకినాడ వెళుతూ లాకు దగ్గర ఆగుతుంది. ఒక్క పద్యం వింటాడు. నచ్చితే మూడేళ్ళ ఒప్పందం మీద పిల్లవాణ్ణి తీసుకెళతాడు. సాయంత్రం భర్తకి తానే నచ్చచెప్పాలని నాగేశ్వరి తయారై ఉంది. ఆయనకి పోయింది కొడుక్కి దక్కితే సంతోషించడా అనుకుంది.

పాడబోయే రోజు పొద్దున్నుంచీ పెదవి విప్పకూడదన్నది కంపెనీలో పాత కట్టుబాటు. మాట పెగిలితే గొంతులో తడి ఆరిపోతుందట. అందుకే లేచిన దగ్గర్నుంచి బుజ్జిబాబు మౌనం.

నాగేశ్వరి అన్నం వారుస్తోంది. మనసు మనసులో లేదు. కుండ అంచు గుడ్డలోంచి జారింది. మరిగే గంజి రెండు పాదాల మీదా పడింది.

“బుజ్జీ, నీళ్ళు. నీళ్ళు తేరా.”

పిల్లవాడు పరుగున వచ్చి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు. తల్లి నేల మీద పడి ఉంది. వాడి నోరు తెరుచుకుంది. వెంటనే రెండు చేతులతో మూసుకున్నాడు. వెనక్కి తిరిగి తాత వైపు చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు చేతుల మీదుగా కారుతున్నాయి. ‘అమ్మా’ అన్న మాట మాత్రం బయటికి రాలేదు.

ఆ చూపు నాగేశ్వరికి కాలిన పాదాల కంటే ఎక్కువగా మండింది.

అప్పుడే ఎవరో పిల్లవాణ్ణి పక్కకి జరిపి లోపలికొచ్చారు. బానలో నీళ్ళు చెంబుతో ఆమె పాదాల మీద పోస్తున్నారు. చూస్తే నరసింహమూర్తి. కొడుకు పలకలేదన్న సంగతి లాకు దాకా ఆయన వెంట నడిచింది. ఉండలేక తిరిగొచ్చాడు. ఈసారి గడప దగ్గర ఆగకుండా వచ్చాడు.

నీళ్ళు పోస్తూనే కొడుకుని అడిగాడు. “అమ్మని పిలవ్వేంరా?”

వాడు తల అడ్డంగా ఊపాడు.

నరసింహమూర్తి చెంబు కింద పెట్టాడు. పొయ్యి పక్కన మిరియాల పాల గ్లాసు చూశాడు. అరుగు మీద హార్మోనియం చూశాడు. పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ తండ్రిని చూశాడు.

“వీడి చేత కూడా మౌనం పట్టించారా?”

పదిహేడేళ్ళ తర్వాత తండ్రితో ఆయన నేరుగా అన్న మాట అది.

“లోవరాజు వస్తున్నాడు మూర్తీ. ఒక్కసారి వింటాడు, అంతే.”

“మావయ్యగారిని అనకండి. నేనే ఒప్పుకున్నాను,” అంది నాగేశ్వరి. “మీరెన్నడూ పాడలేదు. మీ గొంతు వీడిలో ఉంది. అది మళ్ళీ వినాలన్న ఆశ నాది.”

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపముంటే బావుండుననిపించింది.

అప్పుడు చెప్పాడు. కాకినాడలో మూడు రాత్రుల ఆట. వాళ్ళమ్మ సీతారామలక్ష్మి ఇక్కడే, ఈ ఇంట్లోనే జ్వరంతో పడుంది. శనివారం తెల్లారుజామున పోయింది. ఆ కబురు తంతి ద్వారా సాయంత్రానికి అందింది. తండ్రి ఆ తంతి కాగితాన్ని జేబులో పెట్టుకుని, కొడుకు మొహానికి రంగు పూసి ఆటకి పంపాడు. ఆ సంగతి మూడేళ్ళ తర్వాత కంపెనీ వంటవాడు నోరుజారితే తెలిసింది.

“మా అమ్మ పోయిన రోజు రాత్రి నేను నాలుగుసార్లు చచ్చిపోయాను నాగూ. నాలుగుసార్లూ లేపారు. ఆదివారం ఇంటికొస్తే రేవులో బూడిద చూపించారు. నాకు పదేళ్ళు. ఆ బూడిద దగ్గర కూర్చుని నేనూ అన్నాను, వన్స్ మోర్ అని.”

నాగేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“గొంతు దానంతటది పోలేదు. వంటవాడు చెప్పిన రోజు గోదారి గట్టు మీద నిలబడి అది పగిలేదాకా అరిచాను.”

వీధిలో చెప్పుల చప్పుడైంది.

“ఏవండోయ్ భాస్కరం గారూ, ఉన్నారా? ఆయ్, లోవరాజునండి. గుమాస్తా గారు కుర్చీలో లేరట, లాకు తెరిచేవాడు లేడండి. పడవ అక్కడ ఉడికిపోతోంది.” మాట ముందొచ్చింది, జరీ కండువా, పొట్ట తర్వాత వచ్చాయి. ఇంట్లో వాళ్ళ మొహాలేవీ ఆయన చూడలేదు. బుజ్జిబాబు గడ్డం పట్టుకున్నాడు. “వీడేనా? అచ్చం చిన్నమూర్తే. ఏదీ నాయనా, ఆ పద్యం ఒక్కసారి అందుకో.”

పిల్లవాడు ఆయన్ని చూడలేదు. తాత దగ్గరికి నడిచి, ఆయన చెయ్యి పట్టుకుని, గాలి మాత్రమే ఉన్న గొంతుతో అడిగాడు.

“తాతయ్యా, పాడేశాక అమ్మని పిలవచ్చా?”

భాస్కరం గారు గోడ పట్టుకున్నాడు. అలాగే కిందికి జారి అరుగు మీద కూలబడ్డాడు.

“ఇప్పుడే పిలు నాయనా. పాడక్కర్లేదు. వెళ్ళి పిలు.”

వాడు పరిగెత్తి తల్లిని చుట్టుకున్నాడు. పొద్దున్నుంచీ బిగబట్టిన ‘అమ్మా’లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

“లోవరాజూ, నువ్వెళ్ళు,” అన్నాడు ముసలాయన.

“అదేంటండి, మాటిచ్చి.”

“ఇవ్వకూడని మాట ఇచ్చాను. వెళ్ళు.”

లోవరాజు ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. కండువా సర్దుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. భాస్కరం గారు కొడుకు వైపు తలెత్తాడు.

“నీకు తెలిసింది సగమే మూర్తీ. తంతి శనివారం వచ్చింది. అంతకు ముందే పడవవాడి చేత ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆవిడ బతికే ఉంది.”

“ఎప్పుడు?”

“గురువారం మధ్యాహ్నం. ఆ రాత్రి పడవెక్కితే శుక్రవారం పొద్దుటికి ఇంట్లో ఉండేవాళ్ళం. జ్వరమే కదా, మూడు ఆటలు అయ్యాక వెళదాం అనుకున్నాను. జనం విరగబడుతున్నారు. ఆ కేకలు నిన్ను కాదు, నన్నే పిలుస్తున్నట్టుండేది. ఆ ఉత్తరం కాగితం సముద్రంలో పారేశాను. అందులో మాటలు పారేయడం చేతకాలేదు. పక్కింటి అచ్చాయమ్మ భర్త చేత రాయించింది. ‘ఆటలున్నాయిగా, అబ్బాయిని మాట్లాడించను. వాడి గొంతు పాడవనివ్వను. వచ్చి నా మంచం పక్కన కాసేపు ఊరికే కూర్చుంటే చాలు’ అని.”



నరసింహమూర్తి పెదాలు ఆడాయి. గురువారం, శుక్రవారం అని తనలో తాను అనుకున్నట్టుంది. గొడుగు మర్చిపోయి వీధిలోకి నడిచాడు. వెళ్ళొస్తానని అనలేదు. నాగేశ్వరికి తెలిసి అలా అనకుండా వెళ్ళడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం ఆమె పాదాలకి గుడ్డలు చుట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంది. ఎదురుగా కాలువ, ఆ చివర లాకు. వెనక నిండు గోదావరి. కాసేపటికి లాకు తలుపులు తెరుచుకున్నాయి. రంగు పెట్టెలతో, తెరలతో లోవరాజు పడవ కాలువలోకి దిగి కాకినాడ వైపు సాగింది. తలుపులు తెరిపించాడంటే మనిషి ఉన్నాడు. ఆమెకి ఊపిరి తిరిగింది. లోపల మావగారు అన్నం ముట్టలేదు. హార్మోనియం మీద గుడ్డ కప్పి, దాని పక్కనే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలాక ఆయన వచ్చాడు. జుట్టు తడిసి ఉంది. మోకాళ్ళ దాకా రేవు బురద. ఎక్కడికెళ్ళాడో ఆమె అడగలేదు. లేచి తలుపు లోపలికి జరిగింది.

గడప అవతల ఆగాడు.

“నాగూ.”

“ఉన్నానండి.”

“బుజ్జీ.”

“వచ్చావా నాన్నా.”

రెండు బదుళ్ళూ వచ్చాయి. అయినా లోపలికి రాలేదు. కళ్ళు మూసుకున్నాడు. గరగరలాడే గొంతుని కూడదీసుకున్నాడు.

“నాన్నా.”

లోపల చాప మీద ఏదో కదిలింది. మాట రాలేదు. ముసలాయన గొంతు విప్పాలని చూస్తున్నాడు, ఏడుపు అడ్డం పడుతోంది. అలవాటు కొద్దీ నాగేశ్వరి ఆయన తరఫున పలకబోయింది. పదేళ్ళుగా చేసిన పనే. పెదవి కొరుక్కుని ఆగింది. పరిగెత్తబోయిన బుజ్జిబాబు చెయ్యి పట్టుకుని ఆపింది.

చీకటి పడుతోంది. నరసింహమూర్తి అక్కడే నిలబడ్డాడు.

గోడ తడుముకుంటూ భాస్కరం గారు గుమ్మం దాకా వచ్చాడు. కొడుకు మొహం చూసే ధైర్యం లేక గడప వైపు చూశాడు.

“ఉన్నానురా,” అన్నాడు.

నరసింహమూర్తి కుడికాలు లోపల పెట్టాడు.