కింద పడేసిన హెల్మెట్

"ధన్"మని చప్పుడైంది. షాపతను నేలకేసి కొట్టిన హెల్మెట్ దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

"చూశారా మేడమ్, ఎక్కడా పగల్లేదు! ఇంత చవగ్గా ఇంత గట్టి సరుకు దొరకదు."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. హెల్మెట్లను పరీక్షించే ల్యాబులో పని చేస్తున్నదాని ముందా ఈ గారడీ?

"పైన గట్టిగా ఉంటే చాలా? దెబ్బను మింగేది లోపలి థర్మోకోల్. అది ఒకసారి నలిగిందంటే హెల్మెట్ పని అయిపోయినట్టే! రేపు దీన్నే ఎవరికో అంటగడతారు."

"అయ్యో, ఇది డెమో పీసండీ. అమ్మను."

"అందరూ చెప్పేదిదే!" పక్కనున్న ఇంకో హెల్మెట్ స్ట్రాప్ పట్టి లాగింది. బకిల్ ఊడి చేతికొచ్చింది. దాన్ని కౌంటర్ మీద విసిరికొట్టి వెళ్లిపోయింది.

మర్నాడు వెళ్లి చూస్తే ఆ రకం బకిల్ ఉన్న హెల్మెట్ ఒక్కటీ లేదు. అతను కొత్త సరుకు ముందేసుకుని ప్రతి స్ట్రాపూ లాగి చూస్తున్నాడు. ఆమె కోపం కాస్త తగ్గింది. కానీ తనిఖీ ఆగలేదు. తనిఖీకి వారానికి మూడు సాయంత్రాలు ఎందుకని ల్యాబులో అందరూ నవ్వారు.

"ఆ డెమో పీసేది? అమ్మేశారు కదూ?" వచ్చినప్పుడల్లా అడిగేది.

"ఒట్టు, అమ్మలేదు."

ఒక సాయంత్రం వాన. అతను బైకెక్కి హెల్మెట్ తగిలించుకున్నాడు. దాని పక్కభాగం మీద నేలకు గీసుకుపోయిన గీత చూసి ఆమె పరుగున వెళ్లి లాగేసింది. లోపలి గుడ్డ తీస్తే థర్మోకోల్ మూడు చోట్ల చిట్లి ఉంది.

"ఇదే పెట్టుకుని తిరుగుతున్నారా!"

"మీరు నన్ను మొదటిసారి తిట్టింది దీన్ని చూసే. పారేయాలనిపించలేదు. అయినా ఇల్లు అయిదు నిమిషాలేగా."

"నీకు బుద్ధుందా? ఊళ్లోవాళ్ల తలల కోసం గొంతు చించుకున్నానే! నీకేమైనా అయితే నేనేమైపోవాలి?"

ఆ మాట ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది.

"నన్ను 'నువ్వు' అన్నారు," అన్నాడతను, నవ్వాపుకుంటూ.

"అంటాను! ఇక రోజూ అంటాను!"

అతన్ని షాపులోకి లాక్కెళ్లి, మంచి హెల్మెట్ ఏరి తలకు పెట్టి, గడ్డం కింద స్ట్రాప్ బిగించి, రెండుసార్లు గట్టిగా లాగింది.

"అబ్బా!"

"ఊడిందా?"

"లేదు."

"అయితే రేపు ఇది పెట్టుకుని మా ఇంటికి రా. మా నాన్నతో మాట్లాడు. ఆయన ముందు మాత్రం దేన్నీ కింద పడేసి చూపించకు."