మనిషేనా చెబుతున్నది?

"చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?"

"తప్పకుండా. వాళ్ళకి మేడమీద ఆటగది ఉంది."

"పట్టుచీర కట్టుకోవచ్చా?"

"కట్టుకోవచ్చు. నూలైతే ఇంకా హాయిగా ఉంటుంది."

"నీడబండి ఎక్కడ ఎక్కాలి?"

"మీ వీధి మొదట్లో, చలువపందిరి కింద."

ప్రశ్నలు తెరమీద ఎడమవైపు పుట్టి, జవాబు తగిలించుకుని కుడివైపు జారిపోతున్నాయి. అడిగినవాళ్ళకు ఆ జవాబులు పెళ్ళికూతురి గొంతులోనే వినిపిస్తాయి. పెళ్ళి సైటు తెరిచిన రోజే ఆమె ఒక పేజీ చదివి గొంతు ఇచ్చి వెళ్ళిపోతుంది. మిగతా మాటలన్నీ జవాబుపీఠం అల్లుకుంటుంది. ఎక్కడైనా పీఠం తడబడితే ఆ ప్రశ్న ఎర్రబడి వకుళ ముందు ఆగుతుంది. వకుళ ఉద్యోగం అదే. రోజులో నాలుగైదు ఎర్ర ప్రశ్నలు వస్తే ఎక్కువ.

ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. ఎర్ర ప్రశ్నలేవీ రాలేదు. అదే ఆమె భయం.

భోజనాలవేళ విద్యుత్ మండలి నుంచి ఒక కబురు తెర అంచున మెరిసి మాయమైంది. మండపేట వైపు ఏసీలకిచ్చే కరెంటు, చలికోటా, సాయంత్రం నుంచి సగానికి సగం కోత. ఆ సగం ఆసుపత్రుల్లో వడవార్డులకు మళ్ళిస్తున్నారు. బయట తడివేడి, ఉక్కనీ కలిపి కొలిచే వేడి, అప్పటికే ముప్పై రెండు దాటింది; ముప్పై అయిదు దాటితే మనిషి ఒళ్ళు తట్టుకోలేదు. పొద్దువాలాక గాలి ఆగిపోతే ఇంకా ఎక్కుతుంది. ఈ సాయంత్రమే మండపేట చలిమందిరంలో తరళ పెళ్ళి. ఆరువందల మంది అతిథులు. కిటికీలు లేని హాలు.

"రావడానికి ఇబ్బందేమీ ఉండదు కదా?" అని ఎవరో అడిగారు.

"మందిరానికి చలిపత్రం ఉంది. నిశ్చింతగా రండి," అంది తరళ గొంతు, నవ్వుతూ.

వకుళ లేచి ఫణీంద్ర గదికి వెళ్ళింది. అతను ఆ అంతస్తుకు పర్యవేక్షకుడు. మెత్తని మనిషి. ఎవరిమీదా గొంతెత్తడు, ఏ నిర్ణయమూ తన మీద వేసుకోడు.

"హాలు చల్లగా ఉంటుందన్న ఆ చలిపత్రం కోతకి ముందు ఇచ్చిందండి," అంది వకుళ. "సగం కోటా ఆ హాల్లో అంతమందికి చాలదు. నిశ్చింతగా రమ్మని ఎలా చెబుతామండి?"

"పత్రం రద్దయ్యిందా?"

"లేదండి. తనిఖీవాళ్ళు రేపు పొద్దున వస్తారు."

"మరి పెళ్ళింటివాళ్ళకి చెప్పారా?"

"చెప్పానండి. హాలు మేనేజరు పర్లేదన్నాడంట. పెళ్ళికూతురి నాన్నగారు ఆ మాటే పట్టుకున్నారు."

ఫణీంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వకుళగారూ, ఇంతమంది ఒకచోట చేరడానికి సమూహ అనుమతి ఒక ఇంటికి ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. మనం వద్దని చెప్పి, తీరా రాత్రికి ఏమీ కాలేదనుకోండి. వాళ్ళ పెళ్ళి చెడగొట్టింది మనమే అవుతాం. అది నేను మొయ్యలేను. మీరు మాత్రం మొయ్యగలరా?"

అతను అన్నది అబద్ధం కాదు. తిరిగొచ్చి కూర్చుంది. జవాబులు కుడివైపు జారిపోతూనే ఉన్నాయి. నిశ్చింతగా రండి. నిశ్చింతగా రండి.

అప్పుడొచ్చింది ఎర్ర ప్రశ్న.

అడిగింది సౌజన్య అనే పెద్దావిడ, తరళకు మేనత్త. తల్లి పోయాక తరళను పెంచింది ఆవిడే. పొద్దుట్నుంచి ఒకే సంగతి మూడు రకాలుగా అడిగింది: గుండె జబ్బున్నవాళ్ళు రావచ్చా, హాల్లో ఊపిరాడుతుందా, మధ్యలో బయటికి రానిస్తారా. మూడుసార్లూ మేనకోడలి గొంతు నిశ్చింతగా రమ్మంది. నాలుగోసారి ఆవిడ వేరే ప్రశ్న వేసింది.

"ఇదసలు మనిషేనా చెబుతున్నది?"

ఆ ఒక్క ప్రశ్నకు పీఠం జవాబు చెప్పకూడదు. చట్టం. వకుళ చెవిగొట్టం సర్దుకుని లైను కలిపింది.

"చెప్పండమ్మా. నేను మనిషినే. నా పేరు వకుళ."

"మా తరళ కాదన్నమాట," అంది ఆవిడ. "అనుకుంటూనే ఉన్నాను. అది నన్ను 'మీరు' అనదు. వకుళా, ఒక మాట చెప్పమ్మా. దాని పెళ్ళి చూడాలనే ఇన్నాళ్ళూ మందులు మింగుతూ కూర్చున్నాను. రావాలనే ఉంది నాకు. కానీ పొద్దుట్నుంచీ ఎందుకో గుండెల్లో దడగా ఉంది. మీ అమ్మే అయితే పంపుతావా?"

వకుళ తెరవైపు చూసింది. పీఠం అప్పటికే కింద వాక్యం సిద్ధం చేసి పెట్టింది: మందిరానికి చలిపత్రం ఉంది. చదివితే చాలు. లైను తెగిపోతుంది, ప్రశ్న కుడివైపు వెళ్ళిపోతుంది.

"పంపనండి," అంది.

ఆవిడ ఏడవలేదు. "సరేనమ్మా," అంది. తర్వాత మెల్లిగా, "మరి మిగతావాళ్ళ సంగతి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఫోను పెట్టేసింది.

మనిషి చెప్పిన జవాబు ముగియగానే, దాన్ని ఎవరికి పంపాలో అడుగుతూ పీఠం రెండు మీటలు చూపిస్తుంది. ఈ ఒక్కరికి. ఇలా అడిగినవాళ్ళందరికీ. మొదటిది నొక్కితే ముసలావిడ ఇంట్లోనే ఉండిపోతుంది, ఇంకెవరికీ తెలియదు, రేపు పొద్దున వకుళ మామూలుగా వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటుంది. వేలు ఆ మీట మీదకే వెళ్ళింది. చలికోటా ఎంత తగ్గుతుందో ఆమెకు తెలుసు గానీ, హాలు లోపల నిజంగా ఏమవుతుందో తెలియదు. తను పొరబడితే? ఆ పిల్ల ఇంకో ఏడాది ఆగాలి. పొరబడకపోతే?

వేలు పక్కకు జరిపి, రెండో మీట నొక్కింది. జవాబు కింద తన పేరు కూడా రాసింది.

ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు. తర్వాత పెళ్ళికూతురే ఫోను చేసింది. అదే గొంతు, నవ్వు లేదు.

"మీరేనా వకుళ? మా అత్త రానంటోంది. మా బాబాయిలు, వాళ్ళ ఆఫీసువాళ్ళు, అందరూ రామంటున్నారు. ఎంతమందికి చెప్పారండీ?"

"అడిగినవాళ్ళందరికీ."

"మా నాన్న అక్కడ నెత్తి పట్టుకుని కూర్చున్నారు. మీకేం హక్కుంది?"

"లేదండి," అంది వకుళ. "మీ గొంతుతో అబద్ధం చెబుతుంటే చూస్తూ కూర్చోలేకపోయాను."

అవతల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

"సగం చల్లదనంలో ఎంతమంది ఉండొచ్చు?" అని అడిగింది తరళ చివరికి.

"కిటికీలు లేని హాలు కదా, వేడి బయటికి పోదు. యాభై మంది దాకా ఉండొచ్చు. తలుపు దగ్గర కూర్చుంటే మీ అత్తయ్యగారు కూడా ఉండొచ్చేమో. నేను ఖాయంగా చెప్పలేను. వేడి కొలిచే మీటరు పెట్టుకుని చూసుకుంటూ ఉండండి."

"యాభై మంది," అంది తరళ. "సరే. ముందు అత్తని తీసుకొస్తాను. మిగతా నలభై తొమ్మిది మందినీ తర్వాత చూద్దాం." ఫోను పెట్టేసింది.

వకుళ చెవిగొట్టం తీసేసరికి తెరంతా ఎర్రగా ఉంది. ఆమె జవాబు మండపేటలో ఆగలేదు. పీఠం దృష్టిలో అన్ని పెళ్ళిళ్ళ అతిథులూ అడిగేది ఒకటే ప్రశ్న. తుని నుంచి తెనాలి దాకా అందరికీ అదే పంపేసింది. ఇప్పుడు వాళ్ళంతా ఒకేసారి అడుగుతున్నారు, మనిషేనా చెబుతున్నదని. పీఠం ఒక్కదానికీ జవాబు చెప్పకుండా అన్నిటినీ ఈ అంతస్తుకు తోస్తోంది. ఎడమవైపు వరస పెరుగుతోంది. కుడివైపు ఖాళీ.

ఫణీంద్ర గదిలోంచి బయటికొచ్చాడు. "నన్ను పైకి రమ్మంటున్నారు," అన్నాడు. "మీ పేరు అడిగారు. చెప్పాను. ఇంకేం చెయ్యను?"

"నా పేరు నేనే రాశానండి."

అతను వెళ్ళలేదు. వరసవైపు చూస్తూ నిలబడ్డాడు. వకుళ ఒక పిలుపు అందుకుంది, ముగించింది, ఇంకొకటి అందుకుంది. ప్రతి ఒక్కరికీ పేరు చెబుతోంది. కొందరికి రమ్మంది, కొందరికి వద్దంది, కొందరికి తెలియదంది.

కాసేపటికి పక్క కుర్చీ కిర్రుమంది. ఫణీంద్ర చెవిగొట్టం తలకిందులుగా పెట్టుకుని, మళ్ళీ సరిచేసుకుని, ఒక పిలుపు అందుకున్నాడు.

"ఆఁ, మనిషినేనండి," అన్నాడు. "ఫణీంద్ర."

అవతలివాళ్ళు అడిగింది వకుళకు వినపడలేదు. కానీ అతని వేళ్ళు మీటల మీద ఆగిపోవడం చూసింది. కింద పీఠం రాసిపెట్టిన వాక్యం వెలుగుతోంది. అతను దాన్ని చదవలేదు. ఏ ఊళ్ళో ఎంత వేడి ఉందో చూపే వేడిపటం తెరిచి దగ్గరికి లాక్కున్నాడు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు.