గండికోటలో రెండో వ్యూ పాయింట్

"మీకు కాఫీ ఇష్టమా, టీ ఇష్టమా?" అని అడిగింది సాహితి.

"మీ ఇష్టమండి," అన్నాడు కృష్ణకాంత్.

రేపల్లెలో సాహితి వాళ్ళ డాబా మీద, పెళ్లిచూపుల రోజు ఇద్దరికీ దొరికిన ఏకాంతం అది. ఏకాంతమంటే మాటవరసకే లెండి. మెట్ల మీద అక్క లిఖిత, ఆ కింది మెట్టు మీద పక్కింటి పిన్నిగారు, ఆవిడ వెనకాల కూల్ డ్రింకుల ట్రే పట్టుకుని అమ్మ. ముగ్గురూ చెవులు రిక్కించుకుని ఉన్నారు.

"తాగేది మీరు కదండీ! మీ ఇష్టం చెప్పండి."

"నాకేదైనా పర్లేదండి."

"పోనీ, పెళ్లయ్యాక బాపట్లలో నా ఉద్యోగం మానెయ్యాలా, చెయ్యాలా?"

"అదీ మీ ఇష్టమేనండి."

ఇంకో అమ్మాయైతే ఎగిరి గంతేసేది. సాహితికి మాత్రం ఒళ్ళు మండింది.

ఎందుకంటే, కర్లపాలెంలో ఉండే వాళ్ళ బావ రవిశంకర్ కూడా ఒకప్పుడు ఇదే డాబా మీద ఇదే మాట అన్నాడు. అక్క ఎంత మురిసిపోయిందో! ఆ తర్వాత ఇల్లు ఏ వీధిలో తీసుకోవాలన్నా నీ ఇష్టం, పిల్లాణ్ణి ఏ స్కూల్లో వెయ్యాలన్నా నీ ఇష్టం. ఇంట్లోకి వాన నీళ్ళొస్తే "నువ్వేగా ఈ ఇల్లన్నావ్" అంటాడు. పిల్లాడికి మార్కులు తగ్గితే "నువ్వేగా ఆ స్కూలన్నావ్" అంటాడు. చెడ్డవాడు కాదు పాపం. కాపురమంతా అక్కని కాలవలోకి దింపి, తను గట్టున కూర్చుంటాడు. నవ్వుతూ ఉండే అక్క ఇప్పుడు కూరగాయలు కొనడానిక్కూడా భయపడుతోంది.

అందుకే సాహితి అవుననలేదు. అలాగని కాదనీ అనలేకపోయింది. చిక్కంతా అక్కడే ఉంది. కిందికి దిగుతూ, ఎవరూ చెప్పకుండానే అమ్మ చేతిలోంచి ట్రే అందుకున్న ఆ మనిషి ఆమెకి నచ్చాడు. నచ్చిన కొద్దీ భయం వేసింది.

"ఆలోచించుకుంటాను నాన్నా," అంది.

రామకృష్ణగారు ఆ మాటే అటువాళ్ళకి చెబితే, కృష్ణకాంత్ వాళ్ళ నానమ్మ పున్నమ్మగారు ఫోన్లోనే నవ్వేసింది. తెనాలిలో వాళ్ళది బట్టల కొట్టు. ఆవిడ ఏం చెప్పినా చీరల్లోనే చెబుతుంది.

"మడత మీద చూస్తే చీర తెలుస్తుందా బాబూ? విప్పి భుజాన వేసుకోవాలి. మావాళ్ళు గండికోట పోదామని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. మీరూ రండి. తిరిగొచ్చేలోపు అమ్మాయి అవుననో కాదనో చెప్పేస్తుంది."

అలా రెండు కుటుంబాలూ ఒక మినీ బస్సెక్కాయి. రాత్రికి జమ్మలమడుగులో బస చేసి, పొద్దున్నే గండికోట దారి పట్టారు.

"ఏంటండీ, ఎండంతా నా మొహం మీదే కొడుతోంది," అంది లిఖిత.

"నువ్వేగా కిటికీ సీటన్నావ్," అన్నాడు రవిశంకర్, పేపర్లోంచి తలెత్తకుండా.

సాహితి గభాల్న వెనక్కి తిరిగి కృష్ణకాంత్ వైపు చూసింది. అతనప్పుడు అందరికీ టిఫిన్ పంచుతున్నాడు.

"పులిహోరా, పెరుగన్నమా? మీరేం తింటారు?" అని అడిగింది కావాలనే.

"మీ..." అని ఆమె చూపు చూసి ఆగిపోయాడు. "రెండూనండి!"

ఆమెకి నవ్వాగలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

కోట గుమ్మం దగ్గర టీ కొట్టామె దారి చెప్పింది. "అందరూ పొయ్యేది మసీదెనకాలకే. లోయ బాగా కనపడ్తాది, జనం జాస్తి. ఇంగోటి ఉండాది. పడిపోయిన గోడ దాటి, ఆ కాలిబాట ఇడిసిపెట్టకుండా పోవల్ల. ఆడికి ఎవురూ పోరు."

"అందరూ వెళ్ళేచోటే మంచిది," అన్నారు రామకృష్ణగారు. పున్నమ్మగారి మోకాళ్ళూ ఆ మాటే అన్నాయి. అందరూ అటు కదిలారు. కృష్ణకాంత్ కూడా కదలబోతుంటే సాహితి అక్కడే నిలబడిపోయింది.

"మనం ఎటు వెళ్దాం?"

"మీ ఇష్టమండి."

"ఇది మీ కొట్టు కాదు. నేను కస్టమర్ని కాదు."

అతను తలదించుకున్నాడు. "కొట్లో కూర్చోగానే నాన్నగారు నేర్పిన మొదటి పాఠం అదేనండి. ఏ చీర బాగుందో మనం చెప్పకూడదు. చెప్పామా, ఇంటికెళ్ళాక నచ్చకపోతే నింద మన మీదే. చిన్నప్పట్నుంచీ అదే నోటికి అలవాటైపోయింది."

"అంటే నింద మీ మీద పడకూడదు. అంతేగా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అనేశాక సాహితికే అయ్యో అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు, అది తన జీవితం మరి.

"రెండోదానికి వెళ్దాం," అన్నాడు కృష్ణకాంత్ ఉన్నట్టుండి. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు అటే వెళ్ళాలనుంది."

"ఎందుకో?"

"అక్కడ మెట్ల మీద ఎవరూ ఉండరు."

ఈసారి సాహితి నవ్వు దాచుకోలేదు. నాన్నతో చెప్పి అతని వెంట నడిచింది.

గోడ దాటగానే గాలి చల్లగా తగిలింది. ఆకాశం మబ్బు పట్టింది. కాలిబాట ఎర్ర రాళ్ళ మధ్యనుంచి మెలికలు తిరుగుతోంది. నోరు తెరిచాక కృష్ణకాంత్ ఆగితేనా!

"నాకు కాఫీ ఇష్టమండి. టీ అంటే గిట్టదు."

"మరి మా ఇంట్లో ఇచ్చిన టీ మొత్తం తాగేశారుగా!"

"తాగానండి. మిమ్మల్ని చూస్తూ తాగేశాను, రుచి గుర్తులేదు."

"అబ్బో, చాలా మాటలే వచ్చు మీకు!" అంది సాహితి. అంది గానీ, ఆ తర్వాత కాసేపు కాళ్ళు నేలమీద ఆనలేదు.

కొంచెం దూరం పోయాక బాట లోయ అంచు వదిలి, ఎడంగా తుప్పల్లోకి తిరిగింది. కృష్ణకాంత్ ఆగాడు.

"ఇదెక్కడికో పోతోందండి. లోయ ఇటుంది కదా! అంచు పట్టుకుని పోదాం. మనవైపు కాలవ గట్టు పట్టుకుంటే ఏ ఊరైనా వచ్చేస్తుంది."

"నిజమే," అంది సాహితి. రేపల్లె పిల్ల కదా, ఆమెకీ అదే సబబుగా తోచింది.

కాలవ గట్టుకి ఒకటే దారి. కొండ అంచు అలా కాదని ఆ ఇద్దరు డెల్టా పిల్లలకి ఎవరు చెబుతారు? కాసేపటికే కాళ్ళ ముందు పెద్ద చీలిక నోరు తెరిచి నిలబడింది. అటువైపు పోవడానికి దారి లేదు. చుట్టూ ముళ్ళ కంప. లోయ చూద్దామంటే ఒక బండ అడ్డం. సాహితి చున్నీ కంపకి చిక్కింది, చెప్పు తెగింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. వీటన్నిటికీ తోడు చినుకులు మొదలయ్యాయి.

"ఇంక రెండోదీ లేదు, మొదటిదీ లేదు," అంది సాహితి. ఆమె అసలు భయం వానకి కాదు. ఇప్పుడు ఆ మాట వస్తుంది. ఎటు వెళ్దామని నువ్వేగా నిలదీశావ్, అంచు పట్టుకుందామంటే నువ్వేగా నిజమే అన్నావ్. ఆ మాట వస్తే ఇక్కడితో సరి. ఎంత నచ్చినా సరి.

ఉండబట్టలేక తనే అనేసింది. "నేనూ సరేనన్నానుగా."

కృష్ణకాంత్ వంగి, ముల్లు ముల్లు తప్పిస్తూ చున్నీ విడదీస్తున్నాడు. పట్టు చీర మడత విప్పినంత జాగ్రత్తగా, ఒక్క పోగు లేవకుండా.

"మీరు నన్ను నమ్మి సరేనన్నారండి. టీ కొట్టావిడ బాట వదలొద్దని చెప్పినా వదిలింది నేను. తప్పు నాదే." చున్నీ చేతికిచ్చి, తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు. "వేసుకోండి. వెనక్కి పోదాం."

"మరి మీరు?"

"నాకు రాళ్ళు కొత్తే. అయినా పర్లేదు."

ఆ చెప్పుల్లో సాహితి పాదాలు పడవల్లో కూర్చున్నట్టున్నాయి. టపటపమని శబ్దం చేసుకుంటూ నడిచింది. ముందు అతను ఒక్కో రాయికీ "అబ్బా" అనుకుంటూ నడుస్తున్నాడు. ఒక దగ్గర జారబోతే అతని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత దారి బాగానే ఉంది గానీ, ఇద్దరికీ ఆ సంగతి గుర్తు రాలేదు.

మసీదు వెనక అందరూ కంగారు పడుతున్నారు. తడిసిపోయిన ఇద్దర్నీ చూడగానే రామకృష్ణగారి గొంతు లేచింది. "ఎక్కడికి పోయారు? ఫోన్లు కూడా కలవడం లేదు!"

"మా సాహితి సంగతి తెలిసిందేగా మావయ్యా," అన్నాడు రవిశంకర్. "మొండిది. ఇదంతా దాని ఐడియానే అయ్యుంటుంది."

"కాదండి," అన్నాడు కృష్ణకాంత్. అందరికీ వినపడేలా అన్నాడు. "అటు వెళ్దామన్నది నేను. బాట తప్పించింది కూడా నేనే. తిట్టాలంటే నన్ను తిట్టండి."

వాళ్ళ నాన్న కోటేశ్వరరావుగారు కొడుకు వైపు వింతగా చూశారు. లిఖిత మొగుడి వైపొకసారి, ఆ అబ్బాయి ఒట్టి కాళ్ళ వైపొకసారి చూసింది. రవిశంకర్ ఎందుకో గొడుగు తెరిచి పెళ్ళాం మీద పట్టాడు.

అప్పటికి చినుకులు ఆగాయి. మబ్బు విడిపోగానే జనం అంతా ఒక్కసారి అంచు వైపు తోసుకున్నారు. సాహితి కూడా వెళ్ళి చూసింది. కిందెక్కడో పెన్నా, రెండు వైపులా తడిసి మెరుస్తున్న ఎర్రరాతి గోడలు. సెల్ఫీ కర్రలు, పిల్లల కేకలు, మొక్కజొన్న పొత్తుల వాసన. ఎవరూ లేని చోటు వెతుక్కుంటూ పోయి, చివరికి ఇంతమంది మధ్యకి వచ్చి పడింది. అయినా చెప్పాల్సిన మాటకి ఇంతకన్నా మంచి చోటు అక్కర్లేదనిపించింది.

"నాన్నా," అంది వెనక్కి తిరిగి. "నాకు ఈ అబ్బాయి ఇష్టం."

పక్కన సెల్ఫీ తీసుకుంటున్న ఎవరో చప్పట్లు కొట్టారు. రామకృష్ణగారి కోపం అక్కడికక్కడే నీరుగారిపోయింది. పున్నమ్మగారు మాత్రం నింపాదిగా సాహితి కాళ్ళ వైపు చూపించింది.

"ఆ చెప్పులు ఎవరివో చూశాక ఇంకా అడగాలా? మా తల్లే, చల్లగా ఉండండి!"

ఉద్యోగం సంగతి కృష్ణకాంత్ తనే ఎత్తాడు చివరికి. "మీరు ఉద్యోగం చేస్తూనే ఉండండి. తెనాలి నుంచి బాపట్లకి రైళ్ళున్నాయి. రోజూ స్టేషన్లో నేను దింపుతాను. నాకు అదే ఇష్టం."

"సరే. పెళ్లయ్యాక మళ్ళీ ఇక్కడికొద్దాం. ఆ రెండోది చూడాల్సిందే," అంది సాహితి. "ఈసారి దారి మాత్రం నేను చూస్తాను."

"వద్దండి," అన్నాడతను. "కలిసి చూద్దాం."

అతను ఆమెతో అన్న మొదటి "వద్దు" అది. అవునన్న అన్ని మాటలకన్నా అదే ఎక్కువ నచ్చింది సాహితికి. చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళి అతని పక్కన నిలబడింది.